ఎక్స్‌రేలో పడే నీడ

ఎండలో చెయ్యి చాపితే నేల మీద నీడ పడుతుంది. ఐదు వేళ్లూ నల్లగా కనిపిస్తాయి. వేలి లోపలి ఎముక మాత్రం కనిపించదు. అదే చెయ్యిని ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం కింద పెడితే ఎముకలు కణుపు కణుపునా విడిగా కనిపిస్తాయి. చర్మం, కండ పొగమంచులాగా పలచగా ఉంటాయి.

ఎండలో పడిందీ నీడే. ఎక్స్‌రేలో పడిందీ నీడే. ఎండకు కండ అడ్డం వచ్చింది. ఎక్స్‌రేకు కండ పెద్ద అడ్డం కాలేదు. చెయ్యి అదే కదా, మరి ఈ తేడా ఎందుకు?

రాత్రి కరెంటు పోయినప్పుడు టార్చిలైటు మీద వేళ్లు మూసి పెట్టి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. అంటే మామూలు వెలుగు కూడా కొంచెం కండను దాటి వస్తోందన్నమాట. వెలుగులో చాలా రంగులు కలిసి ఉంటాయి. వాటిలో ఎరుపే కండను ఎక్కువగా దాటగలదు. నీలం, పచ్చ రంగులు లోపలే ఇంకిపోతాయి. దాటి వచ్చే ఎరుపు కూడా సూటిగా రాదు. అన్ని పక్కలకూ చెదిరిపోతూ వస్తుంది. అందుకే వేలంతా ఎర్రగా కనిపిస్తుంది గాని, ఎముక ఆకారం తెలియదు.

ఈ సంగతులు తెలుసుకుంటే ఎక్స్‌రే గది అంటే ఉండే భయం తగ్గుతుంది. దగ్గు పట్టి నెల దాటినా కషాయాలతోనే నెట్టుకొచ్చే తల్లులు ఉన్నారు. ఎక్స్‌రే తీయించుకోమని డాక్టరు రాసిస్తే, చీటీని బియ్యపు డబ్బాలో దాచిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ చీటీ డబ్బాలో ఉన్నన్నాళ్లూ జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఏది దాటనిస్తుంది? ఏది ఆపుతుంది?

పెంకుటింటి కప్పులో అక్కడక్కడా ఒక గాజు పెంకు పెడతారు. మట్టి పెంకు వెలుగును ఆపుతుంది. గాజు పెంకు వెలుగును లోపలికి వదులుతుంది. రెండూ గట్టివే. రెండూ వానను ఆపుతాయి. వెలుగు దగ్గరకు వచ్చేసరికి మాత్రం రెండింటి తీరు వేరు. కాబట్టి వస్తువు గట్టిగా ఉంటే వెలుగు ఆగుతుంది, మెత్తగా ఉంటే దాటుతుంది అనుకోకూడదు. దూది ఎంత మెత్తన! అయినా దూది దిండు వెనక దీపం పెడితే కనపడదు.

వెలుగు ఏ వస్తువు మీద పడినా మూడు పనులు జరుగుతాయి. కొంత తిరిగి వెనక్కి వస్తుంది. కొంత లోపల ఇంకిపోతుంది. కొంత దాటి అవతలికి పోతుంది. ఏది ఎంత అనేదే తేడా.

అద్దం దాదాపు అంతా వెనక్కి పంపుతుంది. పొయ్యి మీది మసి కుండ దాదాపు అంతా ఇంకించుకుంటుంది. అందుకే ఎండలో నల్ల కుండ తొందరగా వేడెక్కుతుంది. సున్నం కొట్టిన గోడ వెలుగును వెనక్కి పంపుతుంది కాబట్టి ఆ ఇల్లు ఎండాకాలంలో కొంచెం చల్లగా ఉంటుంది. ఎర్ర చీర ఎరుపును మాత్రం వెనక్కి పంపి, మిగతా రంగులను తనలో ఉంచుకుంటుంది. మన కంటికి చేరేది ఆ ఎరుపే.

టమోటా తోటల్లో కూలికి పోయేవాళ్లు మళ్ల మీద పరిచే షీటును చూసే ఉంటారు. దాని పైపక్క వెండి రంగు, కిందిపక్క నలుపు. పైన ఉన్న వెండి రంగు ఎండను తిప్పికొడుతుంది. నేల మరీ వేడెక్కదు. కిందనున్న నలుపు వెలుగును నేలకు అందనివ్వదు. వెలుగు అందక కలుపు పెరగదు. ఒకే షీటు, రెండు పక్కలా రెండు పనులు.

కుప్పం రాయి సంగతి ఇంకొకటి. కుప్పం పక్క గనుల్లో దొరికే పచ్చ రంగు గ్రానైటు దూరదేశాలకు పోతుంది. గనిలో నుంచి తీసినప్పుడు అది మామూలు బండలాగే ఉంటుంది. ముఖం కనపడదు. దాన్ని మరలో వేసి నున్నగా సాన పట్టాక అద్దంలాగా మెరుస్తుంది. రాయి మారలేదు. పైభాగం మారింది. గరుకుగా ఉన్నప్పుడు వెలుగు తలా ఒక దిక్కుకు చెదిరిపోయేది. నున్నన అయ్యాక వెలుగంతా ఒక్క దిక్కుకే తిరిగి పోతోంది. అదే మెరుపు.

బజ్జీలు కట్టిచ్చిన కాగితం చూడండి. నూనె అంటిన చోట కాగితం అవతల ఉన్న అక్షరాలు కనిపిస్తాయి. నూనె అంటని చోట కనపడవు. కాగితంలో సన్నని పీచు ఉంటుంది. పీచుకూ పీచుకూ నడుమ గాలి ఉంటుంది. వెలుగు పీచులో నుంచి గాలిలోకి, గాలిలో నుంచి పీచులోకి మారిన ప్రతిసారీ కొంచెం చెదిరిపోతుంది. నూనె పోయి ఆ సందులను నింపితే చెదరడం తగ్గుతుంది. వెలుగు సూటిగా దాటుతుంది. వానలో తడిసిన తెల్ల నూలు చీర పలచబడి ఒళ్లు కనిపించడానికి కూడా కారణం ఇదే. అక్కడ నూనె చేసిన పని ఇక్కడ నీళ్లు చేస్తాయి. ఆరిందంటే మళ్లీ మామూలే.

ఒక పదార్థంలో నుంచి ఇంకో పదార్థంలోకి పోయేటప్పుడు వెలుగు దారి కొంచెం వంగుతుంది కూడా. నీళ్ల తొట్టిలో ఏటవాలుగా కట్టె పెడితే విరిగినట్టు కనిపించేది అందుకే. కళ్లద్దాలు పనిచేసేదీ ఈ వంపుతోనే.

కంటికి కనపడని వెలుగులు

చెరువులో రాయి వేస్తే అలలు లేస్తాయి. ఒక అల నెత్తి నుంచి తరువాతి అల నెత్తి దాకా ఉండే దూరాన్ని అల పొడవు అంటారు. వెలుగు కూడా ఒక రకం అలే. అయితే అది చానా చిన్న అల. ఒక్క మిల్లీమీటరులో సుమారు 2000 వెలుగు అలలు పడతాయి. వెలుగు ఒక సెకనులో సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది.

మన కన్ను కొన్ని పొడవుల అలలను మాత్రమే చూడగలదు. అంతకంటే పొడవైనవీ ఉన్నాయి, పొట్టివీ ఉన్నాయి. అన్నీ ఒకే కుటుంబం. అన్నీ ఒకే వేగంతో పోతాయి. మీడియం వేవ్ రేడియో అలలు వందల మీటర్ల పొడవు ఉంటాయి. సెల్‌ఫోను అలలు జానెడుకు అటూ ఇటూగా ఉంటాయి. ఎక్స్‌రే మరీ పొట్టి. ఒక్క మిల్లీమీటరులో సుమారు కోటి ఎక్స్‌రే అలలు పడతాయి.

పొడవు మారితే గుణం మారుతుంది. ఇంటి గోడ వెలుగును ఆపుతుంది. ఫోను అలను అంతగా ఆపదు. అందుకే తలుపులు మూసుకున్నా లోపల ఫోను మోగుతుంది. అదే ఫోనును ఇనుప బీరువాలో పెట్టి తలుపు వేయండి. సిగ్నలు తగ్గిపోతుంది. ఇనుము ఆ అలను వెనక్కి తిప్పికొడుతుంది. గాజు కిటికీ వెలుగును దాటనిస్తుంది. కాని ఎండలో ఉండే ఒక రకం పొట్టి అలలను చాలావరకు ఆపేస్తుంది. వాటిని అతినీల కిరణాలు అంటారు. వాటితో మనకు ముందు ముందు పని ఉంది.

కాబట్టి ఒక వస్తువు దేనికి అడ్డం, దేనికి కాదు అనేది కంటితో చూసి చెప్పలేం. కన్ను చెప్పేది ఒక్క మామూలు వెలుగు సంగతే.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి అనే ఊరు ఉంది. అక్కడ మన దేశపు వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది. ఒక పెద్ద చేను అంత జాగాలో వరసగా 1024 యాంటెన్నాలు నిలబెట్టారు. వాటి నుంచి ఆకాశంలోకి రేడియో అలలు పంపుతారు. ఒక్కొక్క అల ఆరు మీటర్లకు కొంచెం తక్కువ పొడవు ఉంటుంది. పైన గాలి అంతా ఒకటే తీరున ఉండదు. ఒకచోట వేడి, ఒకచోట చల్లన, ఒకచోట తేమ. ఆ తేడాలు ఉన్నచోట అలలో చానా కొద్ది భాగం వెనక్కి వస్తుంది. ఆ వచ్చిన కొద్దిని పట్టుకొని పైన గాలి ఎటు వీస్తోంది, ఎంత జోరుగా వీస్తోంది అని లెక్క కడతారు. గాలి మన కంటికి ఉత్తదే. ఆ అలకు మాత్రం ఉత్తది కాదు.

చీకటి గదిలో దొరికిన కిరణం

ఎక్స్‌రేను కనుక్కున్నది జర్మనీ దేశపు శాస్త్రవేత్త రాంట్‌జన్. అది 1895 నవంబరు 8. ఆయన చీకటి గదిలో ఒక గాజు గొట్టంలోకి కరెంటు పంపి పరీక్షలు చేస్తున్నాడు. గొట్టాన్ని నల్ల అట్టతో కప్పాడు. వెలుగు బయటికి వచ్చే వీలు లేదు. అయినా దూరంగా ఉన్న, మందు పూసిన ఒక అట్ట మిణుకుమిణుకుమని వెలిగింది. నల్ల అట్టను దాటి ఏదో పోతోంది. అది ఏమిటో తెలియదు. లెక్కల్లో తెలియని దానికి ఎక్స్ అని పేరు పెడతారు. ఆయన కూడా అదే పేరు పెట్టాడు.

తరువాత వారాల తరబడి ఆ గదిలోనే ఉండి పుస్తకాలు, కొయ్య, రకరకాల లోహాలు అడ్డం పెట్టి చూశాడు. కొయ్యను దాటింది. సీసం దగ్గర ఆగింది. డిసెంబరు 22న తన భార్య అన్నా బెర్తాను పిలిచి ఆమె చెయ్యి అడ్డం పెట్టించాడు. ఎముకలు కనిపించాయి. వేలికి ఉన్న ఉంగరం కూడా నల్లగా, గుండ్రంగా కనిపించింది. మనిషి ఒంటిని కోయకుండా లోపలి ఎముకను చూపించిన తొలి బొమ్మల్లో అది ఒకటి. చెయ్యి ఒక ఆడమనిషిది అనే మాట పుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది. 1901లో భౌతిక శాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి రాంట్‌జన్‌కు ఇచ్చారు. ఎక్స్‌రే మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. అందరికీ వదిలేశాడు.

బొమ్మలో తెలుపేది? నలుపేది?

ఎముకలో సున్నపు పదార్థం ఉంటుంది. దాన్నే కాల్షియం అంటారు. కండలో, కొవ్వులో, నీళ్లలో ఉండే పదార్థాలకంటే అది బరువైన పదార్థం. బరువైన పదార్థాలు ఎక్స్‌రేను ఎక్కువగా మింగేస్తాయి. తేలికైనవి చాలావరకు దాటనిస్తాయి. సీసం, బంగారం ఇంకా చానా బరువు. వాటిని దాటడం ఎక్స్‌రేకు చానా కష్టం.

మనిషికి ఒక పక్క యంత్రం, ఇంకో పక్క ఫిల్ము ఉంటాయి. కిరణాలు పడిన చోట ఫిల్ము నల్లబడుతుంది. పడని చోట తెల్లగా ఉండిపోతుంది. ఎముక కిరణాలను ఆపుతుంది కాబట్టి బొమ్మలో ఎముక తెలుపు. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి. గాలి కిరణాలను ఆపదు. అందుకే మంచి ఊపిరితిత్తులు నల్లగా కనిపిస్తాయి. గుండె కండతో, రక్తంతో నిండి ఉంటుంది కాబట్టి తెల్లగా మబ్బులాగా కనిపిస్తుంది.

కొందరు నల్లగా ఉన్న ఛాతీ బొమ్మను చూసి, లోపలంతా నల్లబడిపోయిందని ఏడుస్తారు. నలుపు చూసి ఏడవక్కర లేదు. అది గాలి. అయితే నలుపు, తెలుపు రెండింటినీ చదవాల్సింది డాక్టరే. క్షయ జబ్బు వచ్చిన చోట ఊపిరితిత్తిలో గాలి ఉండాల్సిన జాగా చీముతో, వాపుతో నిండుతుంది. అక్కడ కిరణం ఆగుతుంది. బొమ్మలో తెల్లని మచ్చ కనిపిస్తుంది.

మదనపల్లె ఆరోగ్యవరం

గంగవరం నుంచి పుంగనూరు మీదుగా పోతే మదనపల్లె వస్తుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. అక్కడ 1915లో క్షయ రోగుల కోసం పెద్ద ఆసుపత్రి తెరిచారు. దాన్ని శానిటోరియం అనేవాళ్లు. డెన్మార్కు దేశం నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి పెద్ద డాక్టరు.

ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ అనే శాస్త్రవేత్త 1882లోనే కనుక్కున్నాడు గాని, దాన్ని చంపే మందు 1940లలో గాని రాలేదు. అందాకా మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. మదనపల్లె మెరకన ఉంది. గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. అందుకే ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చి నెలల తరబడి ఉండేవాళ్లు.

క్షయ రాకుండా పిల్లలకు వేసే బీసీజీ టీకా మన దేశంలో 1948లో మొదలైంది. తొలిగా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. తరువాత 1950 నుంచి 1955 దాకా ఆ డాక్టరు కొడుకు జోహనెస్ ఫ్రిమోట్ మోలర్, మదనపల్లె చుట్టుపక్కల జనానికి ఎక్స్‌రేలు, చర్మ పరీక్షలు చేయించి, జబ్బు ఎవరికి ఉంది, ఎలా పాకుతోంది అని లెక్క తీశాడు. ఆ లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960లో తన పత్రికలో అచ్చు వేసింది. ఈ సీమ పల్లెల జనం ఎక్స్‌రే ముందు నిలబడి అప్పుడే డెబ్బై ఏళ్లు దాటింది. మన నానమ్మలు, అమ్మమ్మలు నిలబడ్డారు.

గొలుసు ఎందుకు తీయమంటారు?

గంగవరంలో ఒక అత్తా కోడలూ ఉన్నారనుకుందాం. అత్తకు మూడు వారాలుగా దగ్గు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. చిక్కిపోతోంది. డాక్టరు ఎక్స్‌రే రాశాడు. అత్త కదలదు.

"ఆ కిరణాలు ఒంట్లో దూరితే రక్తం ఇంకిపోతాదంట గదే అమ్మీ?"

"దూరి ఆడే ఉండిపోవు అత్తా. దీపం ఆర్పేస్తే వెలుగు గదిలో మిగులుతాదా? మిషన్ ఆపేస్తే ఇది కూడా అంతే."

"మెళ్లో తాళి తీయమంటారంట. మీ మామ ఉండంగా నేను తీసేది లేదు."

"తాడు తీయబళ్లేదంట అత్తా. బంగారు బొట్లు మాత్రం తీయాలంట. పసుపుతాడు నూలుదే గదా. నూలు ఆ కిరణానికి అడ్డం కాదంట."

"అట్లయితే వీపు మీదికి ఏసుకుంటా. రొమ్ము మీద ఉండదు గదా."

కోడలికి దీనికి జవాబు తెలియలేదు. ఇది చాలామంది అడిగే ప్రశ్నే. మంచి ప్రశ్న కూడా. కిరణం ఒక పక్కన దూరి రెండో పక్కన బయటికి వస్తుంది. దారిలో ముందున్నా, వెనకున్నా బంగారం అడ్డమే. ముందు వేసుకుంటే ఎంత నీడ పడుతుందో వెనక వేసుకున్నా అంతే పడుతుంది. ఆ తెల్లని నీడ కింద జబ్బు మచ్చ దాగిపోతే డాక్టరుకు కనపడదు. అందుకే గొలుసు, బొట్లు, రవికె హుక్కులు, పిన్నీసులు, జడ క్లిప్పులు తీయమంటారు. చేతి గాజులు ఛాతీ బొమ్మకు అడ్డం రాకపోతే ఉంచుకోవచ్చు. ఆసుపత్రికి పోయేముందే ఇంట్లో బొట్లు తీసి, పసుపు కొమ్ము కట్టిన తాడు వేసుకుని పోతే అక్కడ ఇబ్బంది ఉండదు. నగలు పోతాయన్న బెంగా ఉండదు.

రవికె విప్పమంటారేమో అని ఇంకో భయం. ఆసుపత్రిలో గౌను ఇస్తారు. లేకపోతే హుక్కులు లేని నూలు రవికె, నూలు చీర వేసుకుని పోవచ్చు. జరీ ఉన్న చీర వద్దు. తోడుగా ఒక ఆడమనిషిని తీసుకుపోవడం మంచిది.

గదిలో నిలబెట్టి "గాలి బాగా పీల్చి బిగపట్టమ్మా" అంటారు. దానికీ కారణం ఉంది. గాలి నిండితే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. అప్పుడు బొమ్మలో నలుపు బాగా వస్తుంది. నలుపు మీద తెల్ల మచ్చ ఉంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఊపిరి ఆడుతుంటే బొమ్మ చెదిరిపోతుంది. బిగపట్టాల్సింది ఒకటి రెండు క్షణాలే. కిరణం పడేది అంతకన్నా తక్కువ సేపు. నొప్పి ఉండదు. వేడి తెలియదు.

మరి ఎక్స్‌రే తీసే మనిషి గోడ చాటుకు పోతాడెందుకు? ఈ అనుమానం రావడం సహజం. ఎక్స్‌రే ఎక్కువ మోతాదులో పడితే ఒంటికి చెరుపే. తొలి రోజుల్లో ఈ సంగతి తెలియక, రోజూ కిరణంలో చేతులు పెట్టి పనిచేసినవాళ్ల చేతులు కాలాయి. కొందరికి క్యాన్సర్ వచ్చింది. ఒక్క ఛాతీ ఎక్స్‌రేలో పడే మోతాదు చాలా తక్కువ. నేల నుంచి, ఆకాశం నుంచి మామూలుగా కొద్ది రోజుల్లో అందరికీ అందేటంత. రోగి ఒక్కసారి వచ్చి పోతుంది. తీసే మనిషి రోజుకు ఎన్నో తీయాలి. అందుకే అతను సీసం పొదిగిన తెర వెనక నిలబడతాడు.

గర్భిణి అయినా, నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ముందుగానే చెప్పాలి. కడుపులో పెరిగే బిడ్డకు ఈ కిరణాలు తగలకుండా చూడాలి. తప్పనిసరి అయితే కడుపు మీద సీసపు గుడ్డ కప్పి తీస్తారు. గర్భిణి అని చెప్పి క్షయ పరీక్షే మానుకోవడం మాత్రం తల్లికీ బిడ్డకూ ముప్పు.

బిడ్డను చూడడానికి చేసే స్కానింగు ఎక్స్‌రే కాదు. అది శబ్దం. మన చెవికి వినపడనంత సన్నని శబ్దం. శబ్దం ఒంట్లోకి పోయి, కండ మారిన చోట, ఎముక వచ్చిన చోట తగిలి వెనక్కి వస్తుంది. బావిలో కేక వేస్తే మళ్లీ వినిపించినట్టు. కడుపు మీద చల్లని జిగురు పూస్తారే, అది ఎందుకంటే చర్మానికీ యంత్రానికీ నడుమ గాలి ఉండకూడదు. ఈ శబ్దం గాలి పొర దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది. లోపలికి దూరదు. ఎక్స్‌రేకు గాలి అడ్డమే కాదు. ఈ శబ్దానికి గాలే గోడ. అందుకే ఊపిరితిత్తుల లోతుల్లో ఉన్న మచ్చను వెతకడానికి మామూలుగా ఎక్స్‌రే తీస్తారు. ఇంకొక మాట. స్కానింగులో ఆడా మగా అని చెప్పడం 1994లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. అడగడం కూడా నేరమే.

బొమ్మ ఒక్కటే చాలదు

బొమ్మలో తెల్ల మచ్చ ఉన్నంత మాత్రాన క్షయ అని తేల్చరు. న్యుమోనియా వచ్చినా మచ్చ ఉంటుంది. పాత జబ్బు మానిన గుర్తు కూడా మచ్చలాగే కనిపించవచ్చు. నీడ చూసి అడ్డం ఉందని చెప్పగలం. ఆ అడ్డం ఏమిటో నీడ చెప్పదు. అందుకే తెమడ పరీక్ష చేస్తారు. తెమడను కొందరు గళ్ల అంటారు. అందులో క్రిమి ఉంటే క్షయ ఖాయం. ఉమ్మి వేరు, తెమడ వేరు. నోటిలో ఊరే నీళ్లు పరీక్షకు పనికిరావు. లోపలి నుంచి బలంగా దగ్గి తీసిన తెమడే ఇవ్వాలి. ఆడవాళ్లు నలుగురిలో దగ్గడానికి సిగ్గుపడి ఉమ్మి ఇచ్చి వస్తారు. జబ్బు దొరకదు. ఆరుబయట, పక్కకు పోయి దగ్గి తీయండి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, తెమడలో రక్తం, వీటిలో ఏది ఉన్నా పరీక్ష చేయించుకోవాలి. సర్కారు ఆసుపత్రిలో క్షయ పరీక్ష, మందు రెండూ ఉచితం. మామూలు క్షయకు మందు ఆరు నెలలు. తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చే పథకం 2018లో మొదలైంది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. రెండు నెలలు మింగగానే దగ్గు తగ్గిపోతుంది. తగ్గింది కదా అని మానేస్తే, చావకుండా మిగిలిన క్రిములు మందుకు లొంగని క్రిములు అవుతాయి. అప్పుడు వైద్యం కష్టం.

ఇక అతినీల కిరణాల సంగతి. క్షయ క్రిమి చీకటి గదిలో, గాలి ఆడని చోట చాలాసేపు బతుకుతుంది. నేరుగా పడే ఎండకు తట్టుకోలేదు. ఎండలోని అతినీల కిరణాలు దాన్ని చంపుతాయి. గాజు పెంకులో నుంచి గదిలోకి వెలుగు వస్తుంది. ఆ కిరణాలు చాలావరకు గాజు దగ్గరే ఆగిపోతాయి. గది వెలుతురుగా ఉంది కదా అని కిటికీ మూసి పెట్టుకుంటే లాభం లేదు. రోగి ఉన్న గదికి కిటికీ తలుపులు తీయాలి. గాలి ఆడాలి. గాలి ఆడితే క్రిములు చెదిరి పలచబడతాయి. దుప్పటి, చాప బయట ఎండలో వేయాలి. గాజు వెనక కాదు.

ఎక్స్‌రే ఫిల్మును మడవకూడదు. పొయ్యి దగ్గర పెట్టకూడదు. ఫిల్ము మీది నలుపు సన్నని వెండి రేణువులది. పాత ఫిల్ములను కొనేవాళ్లు వచ్చేది ఆ వెండి కోసమే. ఇప్పుడు చాలాచోట్ల ఫిల్ము లేకుండా కంప్యూటరులోనే బొమ్మ చూస్తున్నారు. చేతికి ఫిల్ము ఇచ్చినచోట మాత్రం దాన్ని దాచుకోవాలి. గ్రహణం నాడు పిల్లలు ఆ ఫిల్మును కంటికి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తారు. పెద్దవాళ్లు కూడా ఇస్తారు. ఇవ్వకండి. ఫిల్ములో నలుపు అన్నిచోట్లా ఒకటిగా ఉండదు. లేత భాగాల్లో నుంచి ఎండ కంట్లోకి పోతుంది. కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదు. చూపు పోయాకే తెలుస్తుంది.

మందు సగంలో ఉన్నప్పుడో, అయిపోయాకనో డాక్టరు ఇంకో ఎక్స్‌రే రాయవచ్చు. అప్పుడు పాత ఫిల్మును కూడా తీసుకుపోవాలి. రెండింటినీ దీపం పెట్టె మీద పక్కపక్కన పెట్టి, మచ్చ చిన్నదయిందా, అట్లే ఉందా అని డాక్టరు పోల్చి చూస్తారు.